కొండ నగరు కమానులో నా సంగటి ముద్ద

“రేపటి నుంచి నువ్వు ఆ కొండమీదికి పోయేది లేదు. లీవు పెట్టు.”

“లీవా? యాల అవ్వా? పనిలో చేరి నాలుగు నెల్లు కూడా కాలేదు. ఏమని రాసేది, మా అవ్వకు కోపమొచ్చిందనా?”

“కడుపునొప్పి అని రాయి.”

“అబద్ధం సెప్తే నాలిక మీద వాత పెడతానని సిన్నప్పుడు నన్ను బెదిరించింది ఎవురు? పక్కింటామెనా?”

“సెప్పిన మాట ఇను. కావాలంటే ఇంకో గోడ సూసుకో. ఆ రాణి కిటికీ కమాను జోలికి మాత్రం పోవద్దు.”

“కమాను సంగతి నీకెట్లా తెలుసు? నేను కిటికీ అనే గదా అంటిని! నువ్వు ఆ కొండ ఎక్కిందే లేదంటివే!”

అక్కడ దొరికిపోయాను. ఒలుస్తున్న వేరుశనక్కాయలు చేటలోంచి జారి ఇంటినిండా దొర్లాయి. (తరువాత అన్నీ ఏరుకున్నాను. మంచం కిందికి పోయిన మూడింటిని కూడా.) మా మనవరాలు, అంటే మా చిన్నబ్బాయి కూతురు, ఇంజనీరింగు చదివి మదనపల్లెలో నా దగ్గరే ఉండి, పుంగనూరు అవతల కొండమీద ఉన్న పాత నగరు పనికి రోజూ పోయి వస్తోంది. రాజుల ఇంటిని మా వైపు నగరు అంటాం. ఎప్పటి పాలెగాళ్ళు కట్టించారో, కొండ నెత్తిన కోటగోడలు, లోపల రెండంతస్తుల నగరు. పాడుబడి గబ్బిలాలకు కాపురమైన దాన్ని ఇప్పుడు మళ్ళీ బాగుచేస్తున్నారు. ఆ సాయంత్రం పిల్ల కాఫీ తాగుతూ, సోమవారం నుంచి రాణి కిటికీ కింద పరంజా కడతారనీ, అక్కడి పని మొత్తం తన మీదే పెట్టారనీ సంబరంగా చెప్పింది. రాణి కిటికీ అన్న మాట చెవిన పడగానే నాకు చెమట పట్టింది. ఎందుకంటే ఆ కిటికీ పైన వంపుగా కట్టిన కమానును నమ్మకూడదని ఈ భూమ్మీద తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. దాని కింద నా మనవరాలు నిలబడబోతోంది. కారణం చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల పోతుంది. ఆ చేట ముందు కూర్చుని నేను పడిన అవస్థ అది.

ఆ రోజుల్లో ఇంట్లో ఒక వస్తువు ఉండడం వేరు, అది మన నోటిదాకా రావడం వేరు. మా పుట్టిల్లు ఆ కొండ కిందే, గొర్రెలు మేపుకునే పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోయినా రాగి. మూడో తరగతి దాకా బడికి పోయాను. ఆ తరువాత నాకు లెక్కలు నేర్పింది గొర్రెలే, సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు ఒకటి తక్కువైతే మా నాయన నేర్పేవాడు. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం రాగి సంగటి, రాత్రికి మిగిలిన సంగటి. బెల్లం అంటే పండగకు కనిపించే చుట్టం. ఉట్టిమీది కుండలో ఉంటుందని అందరికీ తెలుసు, కానీ మా అమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి అక్కడికి పోదు. (ఇప్పుడు మా ఇంట్లో బెల్లం డబ్బాకు తాళం ఉంది, తాళంచెవి నా నడుముకు ఉంది. మా అమ్మ నుంచి నాకు దక్కిన ఆస్తి ఆ బుద్ధి ఒక్కటే.)

నాకు పదిహేడేళ్ళు వచ్చిన ఏడు ఆ కొండ నగరుకు ఒకసారి మరమ్మతు జరిగింది. ఇప్పటిలా కంప్యూటర్లు, ఫొటోలు తీసే డ్రోన్లు లేవు. ఒక మేస్త్రి, ఒక ఎద్దు, మేము పదిమంది ఆడకూలీలం. మేస్త్రిది కుప్పం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సున్నం పడి పడి ఒక కనుబొమ తెల్లబడిపోయి, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేవాడు. సగం అరవం, సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. సిమెంటు పేరెత్తితే ఉమ్మేసేవాడు. “సిమెంటు ఏందమ్మా సిమెంటు, నిన్న పుట్టిన బిడ్డ. సున్నం తాత. తాత పక్కన బిడ్డను నిలబెడితే తాత సంకెక్కి కూసుంటాది” అనేవాడు. గుండ్రంగా తవ్విన గాడిలో సున్నం, ఇసుక పోసి, ఎద్దును కట్టి రాతి చక్రం తిప్పించేవాడు, దాన్నే గానుగ అంటాం. అది వెన్నలా నలిగేదాకా తిప్పితే అప్పుడది డంగు సున్నం. దాంట్లో మామూలు నీళ్ళు పోయకూడదు. కరక్కాయలు దంచి నాలుగు రోజులు ముందే కుండల్లో నానబెట్టిన నీళ్ళు పోయాలి. ఆ నీళ్ళలో, కలిపే రోజు పొద్దున, కుండకు ఒక దిమ్మె బెల్లం కరిగించాలి. ఆ బెల్లం కరిగించే పని నాకు అప్పగించాడు. ఎందుకంటే నేను మాట్లాడని పిల్లనని, నమ్మకస్తురాలినని. (రెండోది ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.)

మొదటి రోజు బెల్లం కుండలో వేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. మా ఇంట్లో ఆరుమంది పండగకు పంచుకునే బెల్లం ఒక్కొక్క గోడ ఒక్క పూటలో తాగేస్తోంది. “మేస్త్రీ, గోడకు నోరుండాదా, తీపి తెలిసేదానికి?” అని అడిగాను. “పట్టు తెలుస్తాది పాపా. బెల్లం పడిన సున్నం రాయిని కరుసుకుంటాది, ఇడవదు” అన్నాడు. పని బాగా కుదిరిందో లేదో ఆయన చీమల్ని చూసి చెప్పేవాడు. బెల్లం సరిగ్గా పడితే సాయంత్రానికి పూత అంచుల వెంబడి ఎర్రచీమలు వరస కట్టేవి. చీమలు పడితే ఆయన ముఖం వెలిగిపోయేది. మరునాడు పొద్దున, పూత ఇంకా మెత్తగా ఉండగానే, ఒక ఎండు కరక్కాయను మూలన అడ్డంగా నొక్కేవాడు. దాని గీతలు అచ్చుపడేవి. అది ఆయన సంతకం. చీమ రాని పూతకు కరక్కాయ అచ్చు లేదు. ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా లేదు.

అట్లా ఉండగా మా అక్క పురిటికి ఇంటికి వచ్చింది. ఏడో నెల. వచ్చిన రోజు నుంచీ చెనక్కాయ ఉండ, చెనక్కాయ ఉండ అని ఒకటే పాట. ఇంట్లో శనక్కాయలు మూటలున్నాయి, బెల్లం మాత్రం కుండలో అడుగంటింది. మా అమ్మ వినీ విననట్టు ఊరుకుంది. రెండో రోజు అక్క సంగటి ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మరునాడు పొద్దున కొండమీద, రాణి కిటికీ పైన కమాను పగులుకు సున్నం కలిపే వంతు. మేస్త్రి పుంగనూరు సంతకు గడ్డపారలు సాన పట్టించుకోవడానికి దిగిపోయాడు. నా ముందు కరక్కాయ నీళ్ళ కుండ, నా చేతిలో దిమ్మె బెల్లం. నేను దొంగతనం చేయలేదు. ఆ మాట ఇప్పుడూ గట్టిగానే చెబుతాను. నేను మార్పిడి చేశాను. నా బుర్రకు తోచిన లెక్క ఇది: మేస్త్రికి కావలసింది పట్టు. సంగటి కన్నా పట్టున్న పదార్థం ఈ సీమలో ఏముంది? రాత్రి కడగకుండా వదిలేస్తే సంగటి కుండ గీకడానికి రాయి కావాలి. చేతికి అంటుకుని ఆరిపోతే చర్మం ఊడినా అది ఊడదు. చర్మాన్నే వదలనిది రాయిని ఎందుకు వదులుతుంది? దిమ్మె బెల్లం ఒళ్ళో కట్టుకుని, మధ్యాహ్నానికని తెచ్చుకున్న నా సంగటి ముద్దను కరక్కాయ నీళ్ళలో పిసికి పిసికి, ఉండ లేకుండా కలిపి, గానుగలో పోశాను. ముద్దకు దిమ్మె. న్యాయంగానే అనిపించింది. నీళ్ళ రంగు కూడా ఇంచుమించు ఒకటే. మేస్త్రి చెప్పిపోయినట్టే మాలో పెద్దామె నిచ్చెనెక్కి, నలిగిన సున్నాన్ని పగుల్లో మెత్తేసింది.

అయితే ఆ లెక్కలో నా కడుపును మరిచిపోయాను. మధ్యాహ్నం అందరూ సద్ది విప్పుకుంటే నాకు సద్ది లేదు. అది కమాను పగుల్లో ఉంది. రాళ్ళ చాటుకు పోయి దిమ్మె మూల కొంచెం కొరికాను, అక్కకు తెలియదులే అని. కాసేపటికి ఇంకో మూల. (దిమ్మెకు నాలుగు మూలలే ఉంటాయి కాబట్టి ఆగాను.) విరిగిన బెల్లం ఎండకు కరిగి చీరకు అంటుకుంది. సాయంత్రం మేస్త్రి తిరిగి వచ్చి, నిచ్చెన ఎక్కి కమాను అంచు వెంబడి చెయ్యి పెట్టి చూశాడు. ఒక్క చీమ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. దిగాడు. అప్పుడు ఆయన తెల్ల కనుబొమ ఇంకా పైకి లేచింది. కుండల దగ్గర నుంచి ఎర్రచీమలు వరసగా బయలుదేరి, గోడ పక్కనుంచే పోతూ గోడను కన్నెత్తి చూడకుండా, నేరుగా వచ్చి నా కాలు ఎక్కి, కుచ్చిళ్ళు ఎక్కి, ఒళ్ళోకి పోతున్నాయి. కుడుతున్నాయి కూడా. నేను కదలకుండా పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

“ఏం పాపా, సీమలు గోడను ఇడిసిపెట్టి నీ మీదికి యాల వస్తాండాయి?”

“సీమలకేం తెలుస్తాది మేస్త్రీ, దోవ తప్పినాయేమో.”

ఆయన నన్ను చూశాడు, ఒడి చూశాడు, కమాను చూశాడు. “సరి సరి. పొద్దు పోతాంది, ఇంటికి పో. రేపు పెందలాడే రా” అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ “పెందలాడే” అన్న మాట నా వెన్నులో దిగింది. పెందలాడే ఎందుకు? అందరూ వచ్చేలోగా చెట్టుకు కట్టేయడానికా, మా నాయనను పిలిపించడానికా? ఇంటికి పోయి దిమ్మెలో మిగిలింది అక్క చేతిలో పెట్టాను, మేస్త్రి మెచ్చుకుని ఇచ్చాడని. అక్క ఉండలు చేసుకుని తిని నన్ను దీవించింది. మరునాడు నేను జ్వరమని దుప్పటి ముసుగు తన్నాను. ఆ మరునాడూ అంతే. నాలుగో రోజుకు మా అమ్మ మిరియాల కషాయం పోయడం మొదలుపెట్టింది, అది భరించలేక లేచాను గానీ కొండ మాత్రం ఎక్కలేదు. ఆ ఎండాకాలంలోనే మదనపల్లె సంబంధం కుదిరింది, పెళ్ళయి వచ్చేశాను. నా సంగటి ఆ కమానులోనే ఉండిపోయింది.

ఆ తరువాత నలభై ఏళ్ళ పైన గడిచాయి. పెద్ద వాన పడితే జనం చెరువు గురించి, పంట గురించి ఆలోచిస్తారు. నేను కమాను గురించి ఆలోచించేదాన్ని. పుట్టింటికి బస్సులో పోయేటప్పుడు కొండ కనబడని వైపు సీటులో కూర్చునేదాన్ని. టమోటా మార్కెట్టులో ఎవరైనా “కొండమీద గోడ పడిపోయిందంట” అంటే నాకు పొలమారేది, ఏ కొండో కనుక్కున్నదాకా మంచినీళ్ళు దిగేవి కావు. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయన పోయారు, ఆయనకూ చెప్పలేదు. చెప్పడం ఎట్లా? అప్పటికే ఈ వీధిలో నిజాయితీకి, పొదుపుకు నేను పెట్టింది పేరు. ఇంట్లో ఎవరు ఒక ముక్క బెల్లం అడగకుండా తీసినా ఊరుకోలేదు. ఈ మనవరాలే ఆరేళ్ళప్పుడు డబ్బాలో చెయ్యిపెట్టి దొరికితే, ఎండలో నిలబెట్టి గుంజీళ్ళు తీయించాను. “అడగకుండా తీసుకునే సెయ్యి కడుపు నింపదు” అని పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ పిల్ల ముందుకు పోయి ఇప్పుడు ఏమని చెప్పను?

కారణం చెప్పమని పిల్ల, చెప్పనని నేను. చివరికి పిల్లే అంది: “సరే అవ్వా, నువ్వే వచ్చి సూడు. ఆ కమాను పడేటట్టుందని నీకు అనిపిస్తే, నువ్వు సెప్పినట్టే ఇంటా.” ఆ మాట నాకు దారి చూపింది. పోయి చూస్తాను. చిన్న పగులు కనిపించినా సరే, పరువు లేదు ఏమీ లేదు, అందరి ముందూ చెప్పేస్తాను. అట్లా గట్టిగా అనుకుని మరునాడు బయలుదేరాను. ఆటో వద్దన్నాను. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు కోసం రెండు బస్సులు వదిలేశాను. టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, పొడుగు గొడుగు తెచ్చుకున్నాను. “ఎండ లేదు గదా అవ్వా, గొడుగు యాలా?” అంది పిల్ల. కమానును దూరం నుంచి తట్టి చూడడానికని చెప్పలేను కదా.

కొండ ఎత్తు పెరిగిందో, నా మోకాళ్ళు తగ్గాయో తెలియదు. ఆ రోజుల్లో నీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని పాటలు పాడుతూ ఎక్కిన మెట్లను ఈసారి ఒక్కొక్కటే పలకరించుకుంటూ ఎక్కాను. పైన చూస్తే అంతా మారిపోయింది. ఎద్దు లేదు, గానుగను కరెంటు మోటారు తిప్పుతోంది. మట్టికుండల బదులు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు. మూత తీసి ఉన్న ఒక డ్రమ్ములోంచి కరక్కాయ పులుపు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన ఒక్కటీ మారలేదు. నా కడుపులో ఆనాటి ఆకలి లేచి కూర్చుంది. పక్కనే బెల్లం దిమ్మెలు గోనెసంచిలో ఉన్నాయి, మూతి కట్టలేదు. (ఎవరికీ జాగ్రత్త లేదు. నేనే మూతి ముడివేశాను.) పిల్ల నన్ను చెయ్యి పట్టుకుని రాణి కిటికీ ముందుకు తీసుకుపోయింది, పసుపు టోపీ ఒకటి నా నెత్తిన పెట్టింది. తల పైకెత్తడానికి ధైర్యం చాలక కాసేపు చెప్పులు చూస్తూ నిలబడ్డాను. ఆ తరువాత ఎత్తాను.

కమాను ఉంది. పడిపోలేదు, వంగలేదు. గొడుగు చివరతో ఇక్కడొకటి, అక్కడొకటి తట్టాను. ఖణేలుమంది. “ఏం అవ్వా, గుమ్మడికాయ సూస్తాండావా?” అని పిల్ల నవ్వి, “ఈ నగరంతటికీ గట్టి భాగం ఇదే. ఈడ ఒక్క ఎంట్రుకంత పగులు కూడా లేదు. మేము పని సేసేది దీని కింద గోడకి. కమానును ముట్టనే ముట్టం” అంది. నా కళ్ళు కమాను మూలకు పోయాయి. అక్కడ, బూజు దులిపిన చోట, అడ్డంగా కరక్కాయ అచ్చు! అంటే మరునాడు చీమలు పట్టాయన్నమాట. అంటే మేస్త్రి చూసి, ఒప్పుకుని, సంతకం పెట్టాడన్నమాట. నలభై ఏళ్ళుగా నా గుండెమీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. పిల్ల భద్రం. పరువు భద్రం. ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదు. అక్కడితో ఊరుకుని, తెచ్చుకున్న ఉప్మా తిని, కొండ దిగి వచ్చేసి ఉంటే ఈ కథే లేదు.

కానీ మనిషికి భయం పోయిన చోట పొగరు ఎంత తొందరగా వచ్చి కూర్చుంటుందో ఆ రోజు తెలుసుకున్నాను. ఉప్మా తింటూ కూర్చుంటే నాకు నేనే గొప్పగా కనిపించడం మొదలైంది. బెల్లం పోసిన గోడలన్నీ పగుళ్ళు పోయాయి, సంగటి పోసిన కమాను ఒక్కటే నిలిచింది! ఇంత చదివిన వీళ్ళకు తెలియనిది నాకు పదిహేడేళ్ళకే తోచింది! పక్కనే ఇప్పటి మేస్త్రి, యాభై దాటిన మనిషి, డ్రమ్ములో బెల్లం కరిగిస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు దిమ్మెలు. చూసి ఉండలేకపోయాను.

“ఏమప్పా, అంత బెల్లం దండగ సేసేది యాల? కొంచెం రాగి సంగటి పిసికి పోస్తే సాలదా?”

ఆయన చేతిలో దిమ్మె ఆగిపోయింది. నన్ను చూసి పగలబడి నవ్వాడు. “సంగటా! అమ్మా, ఆ మాట ఎత్తకండి, మా ఇంట్లో ఇంటే పొట్టలు సెక్కలైతాయి. మాది కుప్పం. మా మామ ఈ కొండమీదనే పని సేసినాడు, నేను ఆయన కూతుర్ని సేసుకోని ఆయన దగ్గిరే పని నేర్సుకుంటి. ఆయన సెప్పేవాడు, ఆ కాలంలో ఈడ ఒక కూలిపిల్ల ఉండేదంట. బెల్లం కరిగించమంటే, గోడకు సంగటి పోసేసి, మూడు దిమ్మెల బెల్లం ఒళ్ళో కట్టుకునిందంట!”

మనవరాలు అప్పటికే నవ్వుతోంది. చుట్టూ ఉన్న కూలీలు కూడా చేరారు. నేను ఉప్మా డబ్బా మూత పెట్టి గట్టిగా నొక్కాను.

“ఇంకా ఇనండి. సాయంత్రం సీమలన్నీ ఆ పిల్ల ఎంటబడితే, కేకలు పెట్టుకుంటా, మెట్లమీద దొర్లుకుంటా, ఒళ్ళో మూడు దిమ్మెలతో...”

“మూడెక్కడివప్పా?” నేను లేచి నిలబడ్డాను. “ఒకటి! అదీ మూల ఇరిగిన దిమ్మె! కేకలూ లేవు, దొర్లిందీ లేదు. మెట్టు మెట్టు దిగి నడిసే పోయినా! తెలీకుంటే తెలీదని సెప్పాల, ఇట్లా కల్పించేదా?”

కొండమీద మోటారు ఒక్కటే తిరుగుతోంది. నేను ఏమన్నానో నా చెవులకు అప్పుడు చేరింది.

“అవ్వా,” అంది మనవరాలు మెల్లగా, “ఒక్క బెల్లం ముక్కకు నా సేత యాభై గుంజీళ్ళు తీయించినావే!”

“ఇరవయ్యే,” అన్నాను. ఆ పూట నాకు ఏ తప్పు లెక్కా సహించడం లేదు.

మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా రాతిమీద కూర్చున్నాడు. “మీరేనా అమ్మా ఆ సంగటి పాప! మా ఇంట్లో ఎవురన్నా తిక్కపని సేస్తే ఈ పొద్దుకీ సంగటి పాప పని అనే అంటారు” అన్నాడు. (మా ఇంట్లో తెలియని నా పేరు కుప్పంలో ఒక ఇంటినిండా మోగుతోందన్నమాట.) నేను కమాను మూల ఉన్న కరక్కాయ అచ్చు చూపించాను. “నవ్వేది సాలించి, అదేందో సెప్పు. సీమ పట్టకుండా మీ మామ అచ్చు వెయ్యడు గదా? నా సంగటి ఆగింది గనకనే గదా వేసింది?”

“మీ సంగటి ఒక్క దినం కూడా లేదమ్మా ఆడ. మరసటి పొద్దున్నే మీకోసం ఎదురు సూసినాడంట. ఎండ కిటికీలోకొచ్చేదాకా సూసి, తనే నిచ్చెనెక్కి, పచ్చిగా ఉండంగనే గీకితే సంగటి వాసన కొట్టిందంట, అంతా పారేసి, బెల్లం పోసి మళ్ళా మెత్తినాడంట. ఆ పొద్దంతా ఆ పనే. కింద ఎవురికీ సెప్పలే, ఇంటికొచ్చి మా అత్తకు సెప్పినాడు.”

“పెందలాడే రమ్మనింది మరి?”

“మీ సేతనే మళ్ళా కలిపిచ్చేదానికి. నలుగురూ రాకముందే సద్దుకుందామని.”

“తిడతాడని పోలేదప్పా.”

“తిట్టేవాడే,” అన్నాడు మేస్త్రి. “తిట్టి, ఇంకో దిమ్మె ఇచ్చి పంపించేవాడు. ఆ పిల్ల అడిగింటే ఇచ్చేవాణ్ణి గదా అని సానాసార్లు అన్నాడు.”

ఆ మనిషి ఎప్పుడో పోయాడు, ఇప్పుడు అడిగేదీ లేదు, ఇచ్చేదీ లేదు. ఆ తెల్ల కనుబొమ ఒక్కటి కళ్ళముందు కనిపించింది. తల తిప్పుకుని గొడుగు దులుపుకున్నాను. దాని మీద దుమ్మేమీ లేదు.

కొండ దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పి పెట్టలేదంటే మీరు నమ్మరు. ఎన్ని వానాకాలాలు, ఎన్ని ఉలిక్కిపాట్లు! ఒక్క రోజు కూడా లేని సంగటికి నలభై ఏళ్ళు భయపడ్డాను. ఆ భయమంతా దండగ. నా జీవితంలో ఇంత దండగ ఖర్చు ఇంకెక్కడా చేయలేదు. ఆ పదిహేడేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టి, “తిట్టు తినేదానికి ఒక్క పొద్దు సాలు, పోయి తినేసి రాకూడదా!” అని చెప్పి, చేతిలో ఒక ఉండ పెట్టి పంపుతాను. కొంచెం చిన్నబుచ్చుకున్న మాట కూడా దాచను. నా సంగటి నగరును నిలబెట్టిందని అనుకున్న ఆ అరగంట ఎంత బాగుండిందో! బస్సులో మనవరాలు నన్ను కొండ కనబడే వైపు కూర్చోబెట్టింది. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. మదనపల్లె దాకా ఉండి ఉండి పిల్ల భుజాలు నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.

మరునాడు పొద్దున డబ్బా తాళం తీశాను. మూలలు సరిగ్గా ఉన్న దిమ్మె ఒకటి చూసి తీసి, కాగితంలో చుట్టి మనవరాలి బ్యాగులో పెట్టాను, కరక్కాయ నీళ్ళలో వెయ్యమని. కాగితం తిరిగి తెమ్మని కూడా చెప్పాను. ఇంకో చిన్న ముక్క విరిచి దాని చేతిలో పెట్టాను. “ఇది యాల అవ్వా?” అంది. “గుంజీళ్ళకు” అన్నాను. చెప్పులు వేసుకుంటూ గడపమీదే తినేసి పోయింది. పొద్దు వాలుతుండగా కొండమీద నుంచి ఫోను చేసింది.

“అవ్వా, సీమలు పట్టినాయి.”

“యాడ?”

“గోడకే.”

ఫోను పెట్టేసి, డబ్బాకు తాళం వేసి, సంగటికి ఎసరు పెట్టుకున్నాను.